రిపోర్టు నార్మల్, స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్: పదకొండేళ్ల పిల్లోడి విషయంలో ఏది నమ్మాలి?

ఆదోని నుంచి ఒక తల్లి అడిగారు. అబ్బాయికి 11 ఏళ్లు, ఎత్తు 142 సెంటీమీటర్లు, బరువు 54 కిలోలు, నడుము చుట్టుకొలత 82. కడుపునొప్పి అంటే స్కానింగ్ తీయించారు, అందులో ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అని వచ్చింది. భయపడి రక్తపరీక్షలు చేయిస్తే ఎస్‌జీపీటీ (లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగేది) 48, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో కొవ్వు) 148, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 36, పరగడుపు షుగర్ 94, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 5.6. హెచ్‌డీఎల్ పక్కన తప్ప ఎక్కడా నక్షత్రం గుర్తు లేదు. ల్యాబ్‌లో పనిచేసే అబ్బాయి "అన్నీ నార్మలే అక్కా" అన్నాడట. మెడ వెనక నలుపు మాత్రం సున్నిపిండి పెట్టి ఎంత రుద్దినా పోవడం లేదట. "ఏది నమ్మాలి, మందులు వాడాలా, పెద్దయితే అదే తగ్గుతుందా, వచ్చే నెల వాడి పుట్టినరోజుకు కేక్ కోయొచ్చా" అని ప్రశ్న.

ముందు సూటిగా చెప్తానమ్మా. స్కానింగ్ చెప్పిందే నమ్మండి. మీ రక్తపరీక్షలు కూడా నార్మల్ కావు. ఆ కాగితం మీద అచ్చేసిన హద్దులు పెద్దవాళ్లవి. మందు ఇప్పుడు అవసరం లేదు. దానంతట అది తగ్గుతుందని కూర్చోకండి, కానీ ఈ దశలో లివర్ చాలావరకు వెనక్కి వస్తుంది. మొదట ఆపాల్సింది తాగే తీపి. మూడు నెలల తర్వాత ఎస్‌జీపీటీ మళ్లీ చేయించాలి. ఈలోపు ఒక్కసారి, వేరే లివర్ జబ్బులేవీ లేవని పిల్లల డాక్టరు దగ్గర తేల్చుకోవాలి.

నేను కర్నూలులో ఇరవై రెండేళ్లుగా పిల్లలకు వైద్యం చేస్తున్నాను. మొదట్లో నా దగ్గరికి వచ్చే తల్లులందరిదీ ఒకటే ఫిర్యాదు, "మావోడు ఏమీ తినడు సార్". ఇప్పుడూ అదే అంటారు. కానీ ఎదురుగా కుర్చీలో కూర్చున్న పిల్లోడు యాభై కిలోలుంటాడు. తల్లి చెప్పేది అబద్ధం కాదు, అన్నం తినడు నిజమే. మిగతావన్నీ తింటాడు, తాగుతాడు.

మీ కాగితాన్ని వరసగా చూద్దాం.

ఎస్‌జీపీటీ 48. మీ ల్యాబ్ హద్దు 50 దాకా ఇచ్చి ఉంటుంది. ల్యాబ్ తప్పు చేసిందని అనను, అన్ని వయసులవాళ్లకూ కలిపి ఒకటే అచ్చు ఉంటుంది. పిల్లల విషయంలో ఉత్తర అమెరికా పిల్లల జీర్ణకోశ నిపుణుల సంఘం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పై హద్దు మగపిల్లలకు 26, ఆడపిల్లలకు 22. నేనూ వాటినే పట్టుకుంటాను. ఆ లెక్కన మీవాడిది రెట్టింపుకు నాలుగు తక్కువ. రెట్టింపు దాటి మూడు నెలలకు మించి అలాగే ఉంటే కారణం వెతకాల్సిందే అంటారు. 80 దాటితే ఆగడానికి లేదు. మీరు ఇంకా అంతదాకా పోలేదు, కానీ ఆ దారిలోనే ఉన్నారు.

ట్రైగ్లిజరైడ్లు 148 చూసి ల్యాబ్ అబ్బాయికి ఏమీ అనిపించకపోవడానికి కారణం పెద్దవాళ్ల హద్దు 150. పదేళ్లు దాటిన పిల్లలకు 90 లోపు ఉండాలి, 130 తాకితే ఎక్కువ కిందే లెక్క. హెచ్‌డీఎల్ 45 పైన ఉంటే మంచిది, 40 లోపు తక్కువ. ఈ రెండింటినీ విడివిడిగా కాక జంటగా చూడండి: పైది పెరిగి, కిందది తగ్గింది. 148ని 36తో భాగిస్తే నాలుగు దాటుతోంది. ఈ నిష్పత్తికి అందరూ ఒప్పుకున్న గీత ఏదీ లేదు గానీ, మూడు దాటిన పిల్లోడి మెడ కాలర్ నేను ఒకసారి కిందికి లాగి చూస్తాను. చాలాసార్లు అక్కడ నలుపు కనిపిస్తుంది.

ఆ నలుపు మురికి కాదమ్మా. దయచేసి రుద్దకండి. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువైనప్పుడు అది చర్మకణాలను కూడా ఉసిగొల్పుతుంది. మెడ, చంకలు మందంగా, నల్లగా, ముఖమల్ గుడ్డ తాకినట్టు అవుతాయి. డోన్ వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది, పదమూడేళ్లు. హాస్టల్లో తోటిపిల్లలు "స్నానం చేయవా" అని వెక్కిరిస్తున్నారని వాళ్ల జేజి శనగపిండి, నిమ్మకాయ పెట్టి రుద్దీ రుద్దీ చర్మం ఊడగొట్టింది. ఆ పుండు చూపించడానికే వచ్చారు. షుగర్ పరీక్ష చేస్తే హెచ్‌బీఏ1సీ 6.1 ఉంది. ఆ అమ్మాయికి రక్తం కూడా తక్కువే. ఇనుము లోపం ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా కాస్త ఎక్కువ చూపిస్తుంది కాబట్టి పరగడుపు షుగర్, గ్లూకోజు తాగించి రెండు గంటలకు చేసే పరీక్ష కూడా చూశాకే నిర్ణయానికి వచ్చాను. ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మన వైపు రక్తహీనత లేని అమ్మాయి దొరకడమే కష్టం.

మీవాడి షుగర్ 94, హెచ్‌బీఏ1సీ 5.6. రెండూ హద్దులోపలే. పరగడుపున 100 నుంచి 125, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 ఉంటే షుగర్‌కు ముందు మెట్టు అంటాం. మీవాడు ఆ మెట్టు కింద నిలబడి ఉన్నాడు. షుగర్ నార్మల్‌గా ఉంది కదా అని సంతోషించే ముందు ఒక మాట: దాన్ని అక్కడ నిలబెట్టడానికి వాడి క్లోమం మామూలుకన్నా ఎంతో ఎక్కువ ఇన్సులిన్ పోస్తోంది. మెడ చెప్పేది అదే. షుగర్ అన్నిటికన్నా చివర పెరుగుతుంది.

నడుము సంగతి ఏ ల్యాబూ రాయదు, మీరే కొలిచి రాశారు, మంచి పని చేశారు. నడుము చుట్టుకొలత ఎత్తులో సగం దాటకూడదు. 142లో సగం 71. మీవాడిది 82. ఒక్క దర్జీ టేపుతో ఇంట్లో తెలిసిపోయే విషయం. బాడీ మాస్ ఇండెక్స్ 26.8 వస్తోంది. పెద్దవాళ్లలో అయితే పెద్దగా పట్టించుకోని అంకె, పదకొండేళ్ల పిల్లోడికి మాత్రం భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2015 చార్టులో ఊబకాయం గీతకు బాగా పైన.

అసలు లివర్‌లోకి కొవ్వు ఎందుకు పోతుంది అని చాలామంది అడుగుతారు. "మేం నూనె తక్కువే వాడతాం సార్" అంటారు. గాదె నిండిపోతే ఏం చేస్తాం? ధాన్యం పంచలో పోసుకుంటాం, పంచ నిండితే పడమటింట్లో పోస్తాం. ఒంట్లో గాదె అంటే చర్మం కింది కొవ్వు పొర. అది నిండాక మిగిలింది పొట్టలోకి, లివర్‌లోకి పోతుంది. మనవాళ్లకు ఆ గాదె పుట్టుకతోనే చిన్నది. మన పిల్లలు పుట్టినప్పుడు బరువు తక్కువున్నా కండ తక్కువ, కొవ్వు పాలు ఎక్కువ అని పుణేలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ ఏళ్ల తరబడి పిల్లల్ని చూసి చెప్పారు. అందుకే చూడ్డానికి మరీ లావు కాని మన పిల్లోడికీ లివర్‌లో కొవ్వు కనిపిస్తుంది.

ఇంకో సంగతి కూడా జరుగుతుంది. ఇన్సులిన్ లివర్‌కు రెండు పనులు చెబుతుంది: చక్కెర తయారుచేయడం ఆపు, కొవ్వు తయారుచేసి దాచు. ఇన్సులిన్ మాట సాగని ఒంట్లో లివర్ మొదటి మాట వినదు, రెండో మాట మాత్రం శ్రద్ధగా వింటుంది. తయారైన కొవ్వులో కొంత లోపలే ఉండిపోతుంది, కొంత రక్తంలోకి వదులుతుంది. ఆ వదిలిందే మీ కాగితంలోని 148. అది పెరిగితే హెచ్‌డీఎల్ తరుగుతుంది. అంటే స్కానింగ్, మెడ, 148, 36 నాలుగు జబ్బులు కావు, ఒక్కటే. 2023లో ఈ జబ్బు పేరు కూడా మార్చారు, ‘జీవక్రియ లోపంతో వచ్చే కొవ్వు లివర్’ అని అర్థం వచ్చేలా. ‘తాగుడు వల్ల కానిది’ అనే పాత పేరు పిల్లల విషయంలో నాకెప్పుడూ ఎబ్బెట్టుగానే ఉండేది.

స్కానింగ్ గురించి కూడా నిజం చెప్పాలి. లివర్‌లో ఐదోవంతో ఆపైనో కొవ్వు పేరుకుంటే తప్ప అది సరిగ్గా పట్టుకోలేదు. కాబట్టి స్కానింగ్‌లో ఏమీ లేదంటే కొవ్వు లేదని కాదు. మరీ లావుగా ఉన్న పిల్లల్లో లేనిది ఉన్నట్టూ కనిపించొచ్చు. ఒట్టి స్కానింగ్ కాగితం ఒక్కటే పట్టుకొస్తే నేనూ అంత గట్టిగా చెప్పను. మీ విషయంలో మిగతావన్నీ అదే సాక్ష్యం చెబుతున్నాయి. గ్రేడ్ అనేది కొవ్వు ఎంత ఉందో మాత్రమే చెబుతుంది, లివర్ గట్టిపడుతోందా లేదా అన్నది చెప్పదు. అందుకని నెలనెలా స్కానింగ్ తీసి గ్రేడ్ తగ్గిందా అని చూసుకోవడం డబ్బు దండగ. అన్నట్టు, కడుపునొప్పి దీనివల్ల అని అనుకోకండి. గ్రేడ్ 1 సాధారణంగా నొప్పి పుట్టించదు. ఈ వయసులో నేను చూసే కడుపునొప్పుల్లో సగం మలబద్ధకమే.

ఇప్పుడు జాగ్రత్త పడాల్సిన విషయం. లావు పిల్లోడికి ఎస్‌జీపీటీ పెరిగితే అంతా కొవ్వే అనుకోవద్దు. ఆత్మకూరు దగ్గర నుంచి ఒక అబ్బాయి వచ్చాడు, బొద్దుగా ఉంటాడు, ఎస్‌జీపీటీ 96. ఫ్యాటీ లివర్ అని చెప్పి అప్పటికే ఏడాదిగా ఏదో సిరప్ తాగిస్తున్నారు. తల్లిదండ్రులది మేనరికం. మన సీమలో నేను ఇది తప్పకుండా అడుగుతాను. రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ పరీక్ష చేయిస్తే బాగా తక్కువ వచ్చింది, కంటి డాక్టరు నల్లగుడ్డు అంచున రాగి రంగు ఉంగరం చూశారు. విల్సన్ జబ్బు, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చేది. ఒంట్లో రాగి బయటికి పోక లివర్‌లో, మెదడులో పేరుకుంటుంది. మందుంది, జీవితాంతం వాడాలి, వాడితే మనిషి బాగుంటాడు. పట్టుకోకపోతే లివర్ పోతుంది. ఆ అబ్బాయి ఇప్పుడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. మీది మేనరికమైనా కాకపోయినా ఒక్కసారి సెరులోప్లాస్మిన్, హెపటైటిస్ బీ, సీ, థైరాయిడ్, ప్లేట్‌లెట్లు, అల్బుమిన్, ఎస్‌జీపీటీ లాంటిదే అయిన ఎస్‌జీఓటీ చేయించండి. ఎస్‌జీపీటీ మూడు నెలల తర్వాత కూడా దిగకపోతే ఇంకొన్ని ఉన్నాయి, అవి అప్పుడు. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ రెండూ వందల్లో ఉండి పిల్లోడు మెట్లెక్కలేక చేతులు మోకాళ్ల మీద పెట్టి లేస్తుంటే అది లివర్ కాదు, కండరాల జబ్బు. కండరాలు దెబ్బతిన్నాయేమో చెప్పే సీపీకే పరీక్ష చేయించాలి.

పరగడుపు ఇన్సులిన్ చేయించమని ఎవరో చెప్పారని కూడా రాశారు. ఆ అంకెను షుగర్‌తో గుణించి 405తో భాగిస్తే ఒంట్లో ఇన్సులిన్ మాట ఎంత సాగుతోందో చెప్పే హోమా అనే లెక్క వస్తుంది. పరిశోధనలకు బాగుంటుంది. మీవాడు పదకొండేళ్లవాడు, ఈడేరే వయసు మొదలవుతోంది, ఆ వయసులో ఏ పిల్లోడికైనా ఇన్సులిన్ సహజంగానే పెరుగుతుంది. ఒక ల్యాబ్ కిట్టుకు ఇంకో కిట్టు కలవదు. మెడ చూస్తే తెలిసేదానికి అంత డబ్బు ఎందుకు? నేను రాయను.

మందుల మాట. 2011లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో 8 నుంచి 17 ఏళ్ల పిల్లలకు విటమిన్ ఈ, షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకన్నా ఆ రెండూ ఎస్‌జీపీటీని నిలకడగా తగ్గించడంలో మెరుగనిపించుకోలేదు. షుగర్ వచ్చినవాళ్లకు మెట్‌ఫార్మిన్ వేరే సంగతి. లివర్ టానిక్కులు తాగించేవాళ్లతో నేను గొడవపడను, కానీ అందులోనూ చక్కెర ఉంటుందో లేదో లేబుల్ చూడమంటాను. తిప్పతీగ కషాయం మాత్రం వద్దంటాను. కోవిడ్ రోజుల్లో అది తాగి లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే వైద్య పత్రికల్లో వచ్చాయి.

తీపి మీద నాకెందుకు ఇంత పట్టుదల? చక్కెరలో సగం ఫ్రక్టోజు. గ్లూకోజును ఒళ్లంతా పంచుకుంటుంది, ఫ్రక్టోజు ఎక్కువ భాగం లివర్ మీదే పడుతుంది, అక్కడ కొంత కొవ్వుగా మారుతుంది. 2019లో అమెరికాలో 11 నుంచి 16 ఏళ్ల మగపిల్లలు 40 మందిని తీసుకుని, సగంమంది ఇళ్లలో కలిపిన చక్కెరలు, పళ్లరసాలు దాదాపు తీసేశారు. ఎనిమిది వారాల్లో లివర్ కొవ్వు సగటున 25 శాతం నుంచి 17కు దిగింది. మామూలుగా తిన్నవాళ్లలో 21 నుంచి 20, అంతే. ఆ ఆహారం పిల్లోడికొక్కడికే కాదు, ఇంటిల్లిపాదికీ వండి ఇచ్చారని గుర్తుపెట్టుకోండి.

మీ ఇంట్లో ఏమేమి ఉంటాయో నేను ఊహించగలను. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో సుమారు 26 గ్రాముల చక్కెర. పిల్లలకు రోజు మొత్తానికి 25 గ్రాములు దాటకూడదంటారు, అది ఒక్క సీసాలోనే అయిపోయింది. ఎండాకాలం నన్నారి షర్బత్ చలవ అని రెండు గ్లాసులు పోస్తాం. నన్నారి వేరు మంచిదే, దాన్ని ముంచిన పాకం సంగతి చూడండి. పాలలో కలిపే పొడులు, బాదంపాలు, ప్యాకెట్ జ్యూసులు, ఇంట్లో పిండిన బత్తాయి రసం కూడా ఇదే లెక్క. పండు పండుగా తినిపించండి, భయం లేదు. రాగిజావలో బెల్లం వేస్తే అది చక్కెర కాకుండా పోదు. మజ్జిగ పోసి, ఉల్లిపాయ ముక్క వేసి ఇవ్వండి.

తిండిలో మన సీమ వంటకు వంక పెట్టాల్సింది తక్కువ. జొన్నరొట్టె, పప్పు, అలసందలు, గోంగూర, ఊరిబిండి ఇవి ఎప్పటినుంచో ఉన్నవే. వాటిని మానేసింది మనమే. మూడు పూటలా సోనా మసూరి అన్నం, సాయంత్రం అంగట్లో చిప్స్. రాత్రిపూట అన్నం బదులు రొట్టె పెడితే చాలు, చాలామంది పిల్లలు వారంలో అలవాటుపడతారు. సంగటి మంచిదని మూడు ముద్దలు మింగితే అదీ బరువే, అందులో సగం బియ్యమే కదా. ఉగ్గాని తిననివ్వండి, పక్కన బజ్జీలు ఒకటికి దించండి. గుడ్డు, చెనిగ్గింజలు పిడికెడు, పెరుగు ఉండనివ్వండి. పస్తులు పెట్టొద్దు, పెరిగే పిల్లోడు.

ఆట రోజూ గంట. నడక కాదు, చెమట పట్టే ఆట. బరువు తగ్గకపోయినా ఆట ఒక్కదానితో లివర్ కొవ్వు కొంత కరుగుతుంది. బడిలో మైదానం లేకపోతే మిద్దెమీద తాడాట. సాయంత్రం ట్యూషన్ ఒకటి మాన్పించినా ఫరవాలేదంటాను, తల్లిదండ్రులకు ఈ ఒక్క మాటే రుచించదు.

బరువు తగ్గలేదని దిగులు వద్దు. నంద్యాల నుంచి వచ్చే ఒక అబ్బాయి ఆరు నెలల్లో ఒక్క కిలో తగ్గలేదు. వాళ్ల నాయన కోపంగా ఉన్నాడు, "ఏం లాభం సార్" అని. కొలిస్తే ఎత్తు 4 సెంటీమీటర్లు పెరిగాడు, నడుము 5 తగ్గింది, ఎస్‌జీపీటీ 64 నుంచి 31కి వచ్చింది. ఎదిగే పిల్లల్లో బరువు ఉన్నచోట నిలబడడమే గెలుపు. రెండేళ్ల తర్వాత వాళ్ల నాయనే బొజ్జ తగ్గించుకుని వచ్చాడు, అది వేరే కథ.

"పెద్దయితే తగ్గుతుందా" అన్నారు. ఈ మాట నేనే ఒకప్పుడు చెప్పేవాణ్ణి. పన్నెండు పదమూడేళ్ల కిందట ఒక తొమ్మిదేళ్ల పిల్లోణ్ణి తీసుకొస్తే, మెడ చూసి కూడా, "ఎత్తు పెరిగితే సరిపోతాడులే అమ్మా" అని పంపించాను. పదిహేడేళ్లకు మళ్లీ వచ్చాడు, దాహం, రాత్రి నాలుగైదు సార్లు లేవడం. షుగర్ 340. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. అప్పటినుంచి నేను ఆ వాక్యం వాడను.

తొందరపడాల్సినవి ఇవి: దాహం, మూత్రం ఎక్కువై బరువు తగ్గడం, కళ్లు పచ్చబడడం, ఎస్‌జీపీటీ 80 పైన, ప్లేట్‌లెట్లు తక్కువ, రాత్రి గురకలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం. ఇవి లేకపోతే మూడు నెలలు నిదానంగా పనిచేయండి. బీపీ కూడా ఒకసారి చూపించండి, పిల్లల సైజు పట్టీతో చూడమని అడగండి. మూడు నెలల పరీక్షకు రాత్రి ఎనిమిదికల్లా తినేసి, పొద్దున నీళ్లు తప్ప ఏమీ తాగకుండా పోవాలి. జ్వరం వచ్చిన వారంలో ఎస్‌జీపీటీ చేయించకండి, ఊరికే పెరిగి కనిపిస్తుంది.

ఇంట్లో వాణ్ణి "బొండాం" అని పిలిచేవాళ్లుంటే మానిపించండి. వాడి ముందు జబ్బు మాట తేవద్దు, ఇంట్లో అందరికీ ఒకటే వంట అని చెప్పండి. అవ్వ ఉంటే ఆమెను మీ వైపు తిప్పుకోండి, కొంగు ముడిలో చాక్లెట్ అక్కడే ఉంటుంది.

పుట్టినరోజుకు కేక్ కోయండి. వాడికో ముక్క, మిగిలింది వచ్చిన పిల్లలందరికీ పంచేయండి, ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. కూల్‌డ్రింకులు తెప్పించకండి, కుండలో నీళ్లు, మజ్జిగ పెట్టండి. అదే రోజు తలుపు పక్కన గోడ మీద వాడి ఎత్తు గీసి తేదీ రాయండి, పక్కనే నడుము కొలత కూడా. మూడు నెలల తర్వాత డాక్టరు దగ్గరికి ఆ రెండు అంకెలు, పాత కాగితాలు పట్టుకుపోండి.